నల్లగొండలో బలిపీఠ వస్త్రాలు కుట్టే ఒక దర్జీ దుకాణం గురించి

ఎండాకాలం చాలావరకు పాస్కా (ఈస్టర్) కాలపు తెలుపుతో గడచి, పెంతెకోస్తు పండుగ ఎరుపు ఒక్క ఆదివారం కనిపించి వెళ్ళాక, మన కతోలిక గుళ్ళలో బలిపీఠం ముందు ఆకుపచ్చ వస్త్రం వేలాడుతుంది. సామాన్య కాలపు (పెద్ద పండుగ కాలాలు కాని రోజుల) ఆ రంగు తొలకరి నుండి వరి కోతల దాకా, క్రిస్మసుకు ముందు వచ్చే ఆగమన కాలం మొదలయ్యే వరకు ఉంటుంది. ఏడాదిలో అన్నింటికన్నా ఎక్కువ నలిగేది అదే అయినా, చాలా విచారణల్లో (పారిష్‌లలో) మంచి బట్టను క్రిస్మసుకు దాచి, ఆకుపచ్చకు చౌక శాటిన్‌తో సరిపెడతారు. ఈ పద్ధతి మారాలని నా గట్టి అభిప్రాయం.

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరలోని ఒక చిన్న దర్జీ దుకాణంలో మా గుడికి ఆకుపచ్చ, ఊదా వస్త్రాలు కుట్టించాము. ఆ దర్జీ బట్ట చూపించక ముందే, గుడిలో ఫ్యాన్లు ఎక్కడున్నాయి, కిటికీలు ఏ వైపు తెరుస్తారు అని అడిగారు. కింది అంచు లోపల బక్రం (బిగువుగా నిలిచే గట్టి బట్ట) పెట్టి కుట్టినందువల్ల, జూన్ ఉక్కలో ఫ్యాన్లన్నీ తిరుగుతున్నా వస్త్రం ఎగరలేదు. జరీ సిలువను విడిగా కుట్టి హుక్కులతో తగిలించారు కాబట్టి, ఉతికేటప్పుడు దాన్ని తీసి పక్కన పెట్టుకోవచ్చు. అస్తరు పలుచని పాలిస్టర్ కావడంతో ముసురు రోజుల్లో కూడా త్వరగా ఆరింది, బూజు వాసన పట్టలేదు. ఉతికాక బక్రం కొంచెం ముడత పడింది గానీ ఇస్త్రీతో సర్దుకుంది.

వానలు వెనకబట్టాక బలిపీఠం దగ్గరికి బంతిపూలు, కొత్త వరి కంకులు వస్తాయి. రంగు వస్త్రం ఏదైనా బలిపీఠం మీద పరిచేది తెల్లనిదే ఉండాలి కాబట్టి, తడి బంతి రేకల పసుపు మరక పడేది దాని మీదే. ఈ సంగతి చెప్పగానే, మిగిలిన తెల్ల బట్టతో పూలకుండీల కింద వేసుకోవడానికి చిన్న ముక్కలు కుట్టి, వాటికి కూలి అడగకుండా ఇచ్చారు. ఆ శ్రద్ధ నాకు ఎంతో నచ్చింది.

ఊదా విషయంలో మాత్రం ఇబ్బంది కలిగింది. ట్యూబులైటు కింద బాగున్న బట్ట పగటి వెలుతురులో ఎర్రజీరతో వంకాయ రంగుగా కనిపించింది. చెప్పగానే వాదించకుండా మార్చారు. అయితే బతుకమ్మ, దసరా రవికల ఒత్తిడిలో పని ఆలస్యమైంది. ఊదా ఆగమన కాలానికే కదా అనుకోకూడదు. నవంబరు 2న మృతుల స్మరణ దినానికి కూడా మన గుళ్ళలో దాన్నే వాడతారు. అందుచేత ఊదా కావలసిన విచారణలవారు ఆగస్టులోనే కొలతలు ఇచ్చి, బట్టను దుకాణం బయటికి తెచ్చి వెలుతురులో చూసి ఒప్పుకోవడం మంచిది. కొలతలకు ఆయన గుడికి రారు, మనమే రాసి తీసుకువెళ్ళాలి. బట్ట వెల, కుట్టు కూలి వేర్వేరుగా రాసిన చీటీ ఇస్తారు కనుక గుడి లెక్కల్లో చూపించడం తేలిక. క్రిస్మసు తెలుపు వస్త్రం కూడా ఆయనకే అప్పగించాము.