కార్తీకం వెళ్ళాక మహేంద్రగిరా, చిలికా? పర్లాకిమిడి వాళ్ళకు ఏది మేలు?

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడిలో, గుణుపురంలో, బరంపురంలో ఉండే తెలుగువాళ్ళకు కార్తీకం రెండుసార్లు వెళ్ళిపోతుంది. ఒడియా వాళ్ళ లెక్కలో నెల పున్నమితో పూర్తవుతుంది. ఆ తెల్లవారుజామున చెరువులో అరటిదొప్పల పడవలు వదిలేస్తే వాళ్ళకు కార్తీకం సరి. మన లెక్క అమావాస్య దాకా నడుస్తుంది, పోలి పాడ్యమి నాటి దీపాలు నీళ్ళలో వదిలాక గానీ మనకు మార్గశిరం రాదు. ఈ మధ్య పదిహేను రోజులూ తోటల్లో ఉసిరిచెట్ల కింద మన వనభోజనాలు సాగుతూనే ఉంటాయి. తరవాత క్రిస్మస్ సెలవులు వస్తాయి. అక్కణ్ణుంచి సంక్రాంతి దాకా ఎక్కడ చూసినా పిక్నిక్ బస్సులు, పెద్ద పెద్ద స్పీకర్లు. ఈ రెండు సందళ్ళకూ నడుమ మిగిలే కొద్ది వారాలే ఇక్కడ బయట తిరగడానికి అసలైన కాలం. వాన వెళ్ళిపోయి ఉంటుంది, చలి ఇంకా ముదరదు, ఎక్కడా జనం ఉండరు. అధికమాసం వచ్చిన ఏడు కార్తీకం ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఈ వారాలు ఇంకా తగ్గిపోతాయి.

అందుకే ఈ రోజుల్లో మా ఊళ్ళో ఇంటింటా ఒకటే చర్చ: కొండకు పోదామా, సరస్సుకు పోదామా? కొండంటే మహేంద్రగిరి. సరస్సంటే చిలికా. నా మాట ముందే చెప్పేస్తాను. చేతిలో ఒక్క ఆదివారమే ఉంటే కొండకే వెళ్ళండి. చిలికా తక్కువదని కాదు. చిలికా మనకోసం ఫిబ్రవరి దాకా ఆగుతుంది, కొండ ఆగదు.

మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. పైన చెట్లు పలచబడి గడ్డిమైదానాలు మొదలవుతాయి. వానాకాలంలో ఆ గడ్డి మబ్బులో మునిగి ఉంటుంది. పది అడుగుల ముందు ఏముందో తెలియదు, రాళ్ళు పాచిపట్టి జారతాయి, జలగలు వదలవు. మాఘమాసానికి అదే గడ్డి ఎండి పెళపెళలాడుతుంది, చుట్టుపక్కల కొండల్లో పోడు మంటల పొగ లేస్తుంది, శివరాత్రికి వేలమంది ఎక్కుతారు. ఈ రెంటికీ మధ్య, నవంబరు రెండోసగం నుంచి డిసెంబరు మూడోవారం దాకా, వానలు కడిగిన గాలి ఇంకా దుమ్ముపట్టదు. గడ్డి పచ్చదనం వదిలి తేనెరంగుకు తిరుగుతూ ఉంటుంది, వాగుల్లో నీళ్ళు ఇంకా పారుతుంటాయి. మందస మీదుగా కళింగాంధ్ర తీరమంతా కింద పరుచుకుంటుంది, గాలి తేటగా ఉన్న పూట దాని అవతల సముద్రం కనిపిస్తుంది. బారువ దగ్గర సముద్రంలో కలిసే మహేంద్రతనయ పుట్టింది ఈ కొండమీదే. నది పుట్టిన చోటా, కలిసే తీరమూ ఒకే చూపులో అందే చోటు మన వైపు ఇంకొకటి నాకు తెలియదు.

పైన భీముడి గుడి, ధర్మరాజు గుడి, కుంతి గుడి ఉన్నాయి. కుంతి గుడిలోని గోకర్ణేశ్వరుడు ఒకప్పుడు కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల కులదైవం. అక్కడే చోళుల శాసనం కూడా ఉంది. భీముడి గుడి మరీ చిన్నది, పేర్చిన రాళ్ళు మాత్రం ఒక్కోటీ మనిషి కదపలేనంత. శివరాత్రినాడు వెళ్తే అక్కడ నిలబడే చోటుండదు. ఈ వారాల్లో ఆ గడప మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తినవచ్చు. భక్తితో వెళ్ళేవాళ్ళకు ఇది ఇంకా మేలని నా నమ్మకం.

బండి చాలా ఎత్తుదాకా పోయే దారి ఉంది. అయినా ఓపికున్నవాళ్ళు బండి కిందే వదిలి నడవాలి. దారిలో సవర గిరిజనుల ఊళ్ళు వస్తాయి. చోళ్ళ కోతలు, నూర్పిళ్ళు ఈ రోజుల్లోనే. మెట్లు మెట్లుగా చెక్కిన వాళ్ళ పొలాలను జీపు కిటికీలోంచి చూడటం వేరు, గట్టు పక్కన నడుస్తూ చూడటం వేరు. కళ్ళాల ఫొటో తీసేముందు అడగండి. పంట మీద కాలు పెట్టకండి.

కొండకు వెళ్ళేవాళ్ళు తప్పనిసరిగా తెలుసుకోవలసింది పొద్దు సంగతి. మనం దేశానికి తూర్పున ఉన్నాం. నవంబరు నెలాఖరులో ఇక్కడ సాయంత్రం ఐదుంబావుకే పొద్దుగూకుతుంది, హైదరాబాదులో అప్పటికి ఇంకా పాతిక నిమిషాల పొద్దు ఉంటుంది. ఏడాదిలో అన్నిటికన్నా తొందరగా సూర్యుడు దిగేది డిసెంబరు 21న అనుకుంటారు చాలామంది. మన అక్షాంశంలో అది నవంబరు ఆఖరి రోజుల్లోనే జరుగుతుంది. అంటే సరిగ్గా మనం కొండెక్కే రోజులే. తెల్లవారకముందే పర్లాకిమిడి వదలాలి, మధ్యాహ్నం రెండుకల్లా దిగడం మొదలుపెట్టాలి. పైన ఊళ్ళో కంటే ఎనిమిది తొమ్మిది డిగ్రీలు తక్కువ ఉంటుంది, గాలి దానికి తోడు. కింద ఉక్కగా ఉందని స్వెట్టరు ఇంట్లో వదిలేస్తే పిల్లలు అవస్థ పడతారు. గజపతి జిల్లా అడవుల్లో ఏనుగులు తిరుగుతాయి. ఆ వారం ఎటు ఉన్నాయో దారిలో ఊరివాళ్ళను అడిగి తెలుసుకున్నాకే ముందుకు వెళ్ళండి.

దోమల మాటా చెప్పాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో మా పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టరుగా చేరారు. సవరల భాష నేర్చుకోవడానికి ఈ కొండల్లోనే తిరిగారు, మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైను వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. ఇప్పుడు మందులు మారాయి, జ్వరం మాత్రం కొండల్లో ఇంకా ఉంది. పొడుగుచేతుల చొక్కా వేసుకోండి, చీకటిపడే లోపు దిగండి.

ఇక చిలికా. వానల్లో 1,100 చదరపు కిలోమీటర్లు దాటే సరస్సు అది, ఎండాకాలానికి 900 దాకా తగ్గుతుంది. దాన్ని ఎప్పుడు చూడాలన్నది ఈ హెచ్చుతగ్గులే తేలుస్తాయి. వలసపక్షులు అక్టోబరులోనే రావడం మొదలుపెడతాయి. కానీ నవంబరులో నీళ్ళు ఇంకా నిండుగా ఉంటాయి, పక్షులు అంత విస్తీర్ణంలో చెల్లాచెదురుగా ఉంటాయి. వానాకాలమంతా మునిగి ఉండే నలబణ దీవి నీరు తీసేకొద్దీ పైకి తేలుతుంది, బురదమేటలు బయటపడతాయి, అప్పుడు పక్షులు ఒకచోట గుమిగూడతాయి. ఏటా పక్షుల లెక్క జనవరిలో తీసేది అందుకే. ఈమధ్య లెక్కల్లో అవి పది లక్షలు దాటుతున్నాయి. హిమాలయాలు దాటి వచ్చే, తలవెనక రెండు నల్లచారలున్న బాతుల్ని బాగా చూడాలంటే డిసెంబరు సగం గడిచాకే వెళ్ళాలి. మొదటివారంలో వెళ్ళి, దూరాన నల్లచుక్కలు చూసి ఉసూరుమని తిరిగొచ్చేవాళ్ళు ఎక్కువ.

ఒక్క మంగళాజోడి దీనికి మినహాయింపు. సరస్సు ఉత్తరపు కొసన, తంగి దగ్గరుంటుంది. తుంగలో సన్నటి నీటిదారులు, ఇంజను లేని నాటుపడవ, వెనక నిలబడి వెదురుగడతో నెట్టే మనిషి. అక్కడ నవంబరు చివర కూడా పక్షులు చేతికందే దూరంలో ఉంటాయి. ఆ గడ పట్టేవాళ్ళలో చాలామంది ఒకప్పుడు పక్షుల్ని వేటాడినవాళ్ళు. ఇప్పుడు అవే పక్షులకు కాపలా, అవే జీవనాధారం. ఏ పక్షి ఏ తుంగలో గుడ్డు పెడుతుందో వాళ్ళకు తెలిసినంత ఏ పుస్తకానికీ తెలియదు. వాళ్ళ పడవకిచ్చే డబ్బు చక్కగా ఖర్చయిన డబ్బు.

ప్రయాణం చిలికాకే సులువు. మా గుణుపురం లైను నౌపడ దగ్గర మెయిన్ లైనులో కలుస్తుంది. 1900లో రాజావారు మొదట పర్లాకిమిడి దాకా చిన్న గేజితో వేయించిన లైను అది, 2011లో బ్రాడ్‌గేజిగా తిరిగి తెరిచారు. నౌపడ నుంచి ఇచ్ఛాపురం, బరంపురం మీదుగా రంభ, బాలుగావ్. రంభ దాటాక పట్టాల పక్కనే సరస్సు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మలకూ, చంటిపిల్లల తల్లులకూ కొండ పనికిరాదు. వాళ్ళకు రంభలో పడవే సరైనది. పడవ బాడుగ నలుగురైదుగురు పంచుకుంటే భారం కాదు, లైఫ్ జాకెట్ లేకుండా మాత్రం ఎక్కకండి.

తిండి కోసం వెళ్ళేవాళ్ళకు ఒక మాట. కార్తీకం ఆఖరి అయిదు రోజుల్ని ఒడియా వాళ్ళు బకపంచకం అంటారు. ఆ అయిదు రోజులూ కొంగ కూడా చేప ముట్టదని వాళ్ళ నమ్మిక. అప్పుడు వెళ్ళి చిలికా రొయ్యలూ పీతలూ కావాలంటే దొరకడం కష్టం. పున్నమి మర్నాడు ఛాడొఖాయి, అప్పుడు ఊరూరా మాంసం, చేపలే.

మిగతావాటి సంగతి క్లుప్తంగా చెబుతాను. తప్తపాణి వేడినీళ్ళకు చలి ముదిరాక వెళ్తేనే సుఖం. చంద్రగిరి, జిరంగ్ బౌద్ధమఠం కొండదారిలో చక్కటి ప్రయాణమే, కానీ నడక తక్కువ. గోపాల్‌పూర్ సముద్రం బరంపురం వాళ్ళ సాయంత్రపు షికారు, దానికోసం ఈ వారాలు ఖర్చుపెట్టనక్కర్లేదు. కొరాపుట్ వైపు వాళ్ళకు మాత్రం నేను మహేంద్రగిరి చెప్పను. వాళ్ళకు 1,672 మీటర్ల దేవమాలి పక్కనే ఉంది, కింద వలిసె పూల చేలు పసుపుపచ్చగా విరబూసేదీ ఈ రోజుల్లోనే.

ఏది ఎంచుకున్నా బయల్దేరే ముందు వాతావరణ కేంద్రం హెచ్చరిక చూడండి. బంగాళాఖాతంలో అల్పపీడనాలు డిసెంబరులో కూడా వస్తుంటాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. వాయుగుండం ఉందంటే కొండా వద్దు, పడవా వద్దు. రెండు ఆదివారాలు దొరికినవాళ్ళు పోలి పాడ్యమి వెళ్ళిన మొదటి ఆదివారం మహేంద్రగిరికీ, క్రిస్మస్ సెలవులకు ముందు వచ్చే చివరి ఆదివారం చిలికాకూ పెట్టుకోండి. చిలికాకు వెళ్ళేంత తీరిక లేకపోతే టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ ఊరి చెట్లమీదే గూళ్ళు కట్టుకుని ఉంటాయి, పొద్దున వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయవచ్చు.