వందేభారత్‌లో వెళ్ళి బృందావన్‌లో తిరిగొచ్చాం: బెంగళూరు–చెన్నై ప్రయాణం, కొన్ని లెక్కలు

మా పిన్ని కూతురి నిశ్చితార్థం చెన్నై వేలచ్చేరిలో. నాన్న గూడూరు సెక్షన్‌లో గ్యాంగ్‌మేన్‌గా చేరి కీమేన్‌గా రిటైరయ్యారు, జీవితమంతా పట్టాల పక్కనే నడిచారు గానీ వందేభారత్ ఒక్కసారీ ఎక్కలేదు. అందుకని పోయేటప్పుడు వందేభారత్, వచ్చేటప్పుడు బృందావన్ ఎక్స్‌ప్రెస్ అనుకుని టికెట్లు ముందే తీసేశాను. మొదటిదానికి మనిషికి దాదాపు వెయ్యి, రెండోదానికి సెకండ్ సిట్టింగ్‌లో రెండు వందల లోపే.

మేముండేది వైట్‌ఫీల్డ్ కాడుగోడిలో. మధ్యాహ్నం పన్నెండుంబావుకి ఇంట్లోంచి బయల్దేరి, పర్పుల్ లైన్ మెట్రోలో దాదాపు గంట కూర్చుని మెజెస్టిక్‌లో దిగి, నాన్న మోకాళ్ళ నొప్పులతో మెల్లగా నడిచి ప్లాట్‌ఫాం చేరేసరికి రెండు దాటింది. రైలు మూడింటికి కాస్త ముందు కదిలింది. అరగంట తిరక్కుండానే కిటికీలోంచి చూస్తే మా కాడుగోడి మెట్రో స్టేషన్! ఏ రైలు కోసం గంట సేపు పడమరకి పోయామో, అదే రైలు మళ్ళీ మా ఇంటి పక్కనుంచే తూర్పుకి పోతోంది, ఆగకుండా. నాకు కడుపు మండింది.

రైలు మాత్రం బాగుంది, ఉన్నమాట చెప్పాలి. కుదుపు తక్కువ, బాత్రూములు శుభ్రం, సాయంత్రం టిఫిను, టీ సమయానికి ఇచ్చారు. దక్షిణాదిలో ఇదే మొదటి వందేభారత్, నవంబర్ 2022లో మొదలైంది. గంటకి 160 కిలోమీటర్ల దాకా పరుగెత్తగల బండి ఇది. కానీ బెంగళూరు నుంచి చెన్నైకి దాదాపు 360 కిలోమీటర్లు నాలుగున్నర గంటలు, అంటే సగటున గంటకి 80. బంగారుపేట దాటాక పీఠభూమి మీంచి కిందికి దిగుతుంది కదా, వంపులు ఎక్కువ, వేగం బాగా తగ్గింది. నాన్న పక్క లైను వైపే చూస్తూ, “బండి తప్పేం లేదమ్మా, దారి ఇంతే ఇస్తుంది” అన్నారు. కుప్పం స్టేషన్‌లో తెలుగు బోర్డు కనబడగానే ఇద్దరం ఒకేసారి చదివాం, అదీ ఆగకుండానే పోయింది.

అక్కడినుంచి జోలార్‌పేట దాకా మా మాటలన్నీ బుల్లెట్ రైలు మీదే. 2026 కేంద్ర బడ్జెట్‌లో ఏడు హైస్పీడ్ కారిడార్లు ప్రకటించారు, వాటిలో చెన్నై–బెంగళూరు, హైదరాబాద్–బెంగళూరు, హైదరాబాద్–చెన్నై మూడూ మనవాళ్ళు రోజూ తిరిగే దారులే. చెన్నై నుంచి బెంగళూరుకి గంటంబావులో అంటున్నారు. అంతకుముందే మైసూరు దాకా 435 కిలోమీటర్ల లైను ప్రతిపాదన ఉంది, అది మన చిత్తూరు మీదుగా పోతుంది. వినడానికి నాకూ సంతోషమే. కానీ ఖర్చు చూడండి. ముంబయి–అహ్మదాబాద్ బుల్లెట్ రైలు లైను 508 కిలోమీటర్లు, 2017లో శంకుస్థాపన చేసినప్పుడు చెప్పిన అంచనా 1,08,000 కోట్లు. కిలోమీటరుకి 200 కోట్ల పైమాటే. అందులో 81 శాతం జపాన్ అప్పు, 0.1 శాతం వడ్డీ, తీర్చడానికి 50 ఏళ్ళ గడువు. వడ్డీ తక్కువేగానీ తీర్చాల్సింది యెన్‌లలో, అంటే రూపాయి పడిపోతే ఆ భారం మనదే. మొదట 2022–23 నాటికే నడుస్తుందన్నారు, ఆ గడువు దాటిపోయి ఏళ్ళయింది.

అదే మా బెంగళూరు సబర్బన్ రైలు సంగతి చూస్తే 148 కిలోమీటర్లకి 15,767 కోట్లు, అంటే కిలోమీటరుకి దాదాపు 106 కోట్లు, సగం ధర. కేంద్రం 2020లో ఒప్పుకుంది, 2022 జూన్‌లో శంకుస్థాపన జరిగింది, దానిలో ఇంతవరకు ఒక్కరూ ఎక్కలేదు. రోజూ లక్షల మంది సిల్క్ బోర్డు దగ్గర, టిన్ ఫ్యాక్టరీ దగ్గర బస్సుల్లో నలిగిపోతున్నారు, వాళ్ళలో నేనూ ఉన్నాను. ముందు ఆ డబ్బు దీనికి పెట్టాలి అని గట్టిగానే అన్నాను.

నాన్న ఒప్పుకోలేదు. ఆయన మాట నేను ఊహించని వైపు నుంచి వచ్చింది. ఒకే లైను మీద గూడ్స్, ప్యాసింజరు, ఎక్స్‌ప్రెస్, వందేభారత్ అన్నీ నడపాలంటే ఏదో ఒకటి లూప్‌లో, అంటే స్టేషన్ పక్క లైనులో, దారిచ్చి నిలబడాలి, ఎప్పుడూ నిలబడేది ప్యాసింజరే అన్నారు. వేగం బండ్లకి వేరే లైను వేస్తే పాత లైను ఖాళీ అవుతుంది, ఆ ఖాళీ మామూలు జనానికి ఇస్తేనే ఆ ఖర్చుకి న్యాయం అని ఆయన వాదన. నిజానికి ముంబయి లైను స్టాండర్డ్ గేజ్, మన బ్రాడ్ గేజ్ కంటే వెడల్పు తక్కువ, కాబట్టి బుల్లెట్ రైలు పాత పట్టాల మీదికి రాదు, ఇక్కడి బండి అక్కడికి పోదు. రెండూ దేనికది వేరు. ఖాళీ అయిన దారిలో జనరల్ బోగీలున్న బండ్లు పెంచుతామని మాత్రం ఏ ప్రకటనలోనూ నాకు కనబడలేదు.

ఏడున్నరకి ముందే చెన్నై సెంట్రల్‌లో దిగాం. స్టేషన్‌కి దగ్గర్లోనే పెరియమేడులో ఒక లాడ్జిలో రెండు రాత్రులు ఉన్నాం, రోజుకి 1,800. మంచాలు శుభ్రంగానే ఉన్నాయి, రిసెప్షన్‌లో కుర్రాడు సూళ్ళూరుపేట వాడు, నాన్నకి మాటల తోడు దొరికింది. కానీ వేడినీళ్ళు పొద్దున ఎనిమిది దాకానే, లిఫ్టు ఎక్కాలంటే ముందు పన్నెండు మెట్లు ఎక్కాలి. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఫోన్‌లోనే ఈ రెండూ అడిగి బుక్ చేసుకోండి.

వేలచ్చేరికి క్యాబ్ పిలిస్తే ఇద్దరు డ్రైవర్లు వరసగా క్యాన్సిల్ చేశారు. సరే అని సెంట్రల్ ఎదురుగా పార్క్ టౌన్ స్టేషన్‌కి నడిచి ఎంఆర్‌టీఎస్ అనే లోకల్ రైలు ఎక్కాం. టికెట్ పది రూపాయలు కూడా దాటలేదు, కాలవ పక్కన ఎత్తులో పోతుంది, గాలి బాగా వస్తుంది, కిటికీ దగ్గర సీట్లూ దొరికాయి. మధ్యలో ఒక స్టేషన్ చూస్తే అంత పెద్ద కట్టడం, లోపల మనుషులే లేరు. వేలచ్చేరి నుంచి పరంగిమలైకి, అంటే సెయింట్ థామస్ మౌంట్‌కి, ఇదే లైను ఇంకో 5 కిలోమీటర్లు పొడిగించే పని 2008లో మొదలైంది. అందులో అర కిలోమీటరు భూసేకరణ గొడవతో ఏళ్ళ తరబడి నిలిచిపోయింది. అర కిలోమీటరు! వందల కిలోమీటర్ల కొత్త లైనుకి భూమి తీసుకోవాలంటే ఎన్ని ఊళ్ళతో, ఎంతమంది రైతులతో మాట్లాడాలో ఇది చూస్తే తెలుస్తుంది, చిత్తూరు రైతులు కూడా అందులో ఉంటారు.

రెండో రోజు నాన్న కోరిక మీద పెరంబూరులో రైలు బోగీలు తయారుచేసే ఫ్యాక్టరీ ఐసీఎఫ్ పక్కనున్న రైలు మ్యూజియంకి వెళ్ళాం. పిల్లలున్నవాళ్ళు తప్పకుండా వెళ్ళాల్సిన చోటు, సోమవారం మాత్రం సెలవు. పాత ఇంజన్లు, బోగీలు చెట్ల నీడలో పెట్టారు, నాన్న ఒక్కో చక్రం దగ్గరా ఆగి చూశారు. ఐసీఎఫ్ 1955లో మొదలైంది, మొదటి వందేభారత్ కూడా ఇక్కడే తయారైంది, 16 బోగీల ఆ రైలుకి సుమారు 100 కోట్లు అయింది. అంటే బుల్లెట్ లైను అర కిలోమీటరు ధరకి ఒక పూర్తి రైలు. అక్టోబర్ 2022లో చెన్నై–గూడూరు మధ్య వేగం 110 నుంచి 130కి పెంచారని, అదంతా పట్టాలు, పాయింట్లు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్ళించేవి), సిగ్నళ్ళు బాగుచేసి సాధించిందేనని నాన్న అక్కడ బెంచీ మీద కూర్చుని చెప్పారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి, అది తన సెక్షన్ మరి.

మర్నాడు పొద్దున ఏడూనలభైకి బృందావన్. 1964 నుంచి ఈ దారిలో నడుస్తున్న బండి. కాట్పాడిలో చాలామంది ఎక్కారు, నిలబడినవాళ్ళలో వేలూరు ఆసుపత్రికి వచ్చి తిరిగిపోతున్న చిత్తూరు వాళ్ళు కూడా ఉన్నారు, ఒక పెద్దావిడకి నాన్న సీటిచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. మా బోగీలో ఏసీ లేదు, టిఫిన్ మనమే కొనుక్కోవాలి. కానీ ఈ బండి కె.ఆర్.పురంలో ఆగుతుంది! ఒంటిగంటకి దిగి, పక్కనే మెట్రో ఎక్కి, ఒకటీనలభైకి ఇంట్లో ఉన్నాం.

గడియారం చూసి లెక్క వేశాను. పోయేటప్పుడు ఇంటి నుంచి సెంట్రల్‌కి ఏడు గంటల పైనే, వచ్చేటప్పుడు సెంట్రల్ నుంచి ఇంటికి ఆరు గంటలు. మెజెస్టిక్ దగ్గరుండేవాళ్ళకి వందేభారత్ బాగా కలిసొస్తుంది, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు వాళ్ళకి మాత్రం నా సలహా బృందావనే, పెద్దవాళ్ళుంటే ఏసీ చైర్‌కార్ తీసుకోండి. నాన్నని వచ్చే నెల మళ్ళీ వెళ్దామా అంటే, “వెళ్దాం, ఈసారి గూడూరు దాకా పోదాం, పాయింట్లు ఎట్లా వేశారో చూడాలి” అన్నారు.