అరకు లాడ్జిలో ఎర్రలైటు: ఎలక్ట్రిక్ కారులో 1,480 కిలోమీటర్లు

"కారు చార్జింగ్ సదుపాయం కలదు" అని బోర్డు పెట్టుకున్నారు. ఫోన్ చేసి రెండుసార్లు అడిగితే రెండుసార్లూ "ఉందండి, రండి" అన్నారు. తీరా వెళ్తే వంటగది వెనక గ్రైండర్ పెట్టుకునే సాకెట్ చూపించారు. ఆ అరకు లాడ్జి మీద కోపం నాకు ఇంకా చల్లారలేదు.

మాది హ్యుందాయ్ అయోనిక్ 5. 2023లో 44.95 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరతో వచ్చినప్పుడు తీసుకున్నాం. బ్యాటరీ 72.6 కిలోవాట్ అవర్ (అంటే 72.6 యూనిట్లు), వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్‌ఏఐ లెక్కలో ఒక్క చార్జింగ్‌కు 631 కి.మీ. ఆ లెక్క పరీక్షశాలది. హైవే మీద వంద వేగంలో వెళ్తే ఎలక్ట్రిక్ కారు సాధారణంగా పరీక్షశాల లెక్కంత దూరం రాదు. ఐదుగురం, సామాను, ఏసీ అన్నీ కలిపి నేను 410 అనుకునే బయల్దేరతాను. ఈసారి నేను, మా ఆవిడ, పాప, అత్తయ్యగారు, మామయ్యగారు. హైదరాబాద్ నుంచి విశాఖ దాకా రెండుచోట్ల చార్జింగ్, యూనిట్‌కు 24 రూపాయలు. రెండోచోట ఉన్న రెండు చార్జింగ్ గన్లలో ఒకటి పాడైంది. యాప్‌లో మాత్రం రెండూ ఖాళీ అనే చూపిస్తోంది. గంటా పది నిమిషాలు ఎండలో నిలబడ్డాం. సీట్లు వెనక్కి వాల్చుకుని పాప, అత్తయ్యగారు హాయిగా నిద్రపోయారు కాబట్టి సరిపోయింది. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 3 మీటర్లు కావడంతో లోపల కాళ్లకు కావలసినంత చోటు. ఈ కారులో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

లాడ్జివాళ్ల మాట నమ్మి విశాఖలో చార్జింగ్ పెట్టలేదు. 60 శాతంతో కొండెక్కాం. రెండు టన్నులకు పైగా బరువును దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకు లాగాలంటే, దూరానికి అయ్యేది కాక, ఎక్కడానికే ఆరు యూనిట్లు కావాలి. అరకు చేరేసరికి 26 శాతం మిగిలింది. నాకు టెన్షన్ మొదలైంది. గదికి 4,800 చొప్పున రెండు గదులకు ముందే కట్టేశాం. వంటగది వెనక సాకెట్‌లో పోర్టబుల్ చార్జర్ పెట్టగానే ఎర్రలైటు. తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ ఎర్రలైటే.

"మా గ్రైండర్ బాగానే తిరుగుతుంది సార్, మీ కారులోనే ఏదో ఉంది" అన్నాడు మేనేజర్. మా ఆవిడ ముఖం ఎర్రబడింది.

మామయ్యగారు కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. ఆయన ఎవరితోనూ వాదించలేదు. సాకెట్ మూడో పిన్ను నుంచి వచ్చే తీగను గోడ వెంబడి టార్చితో చూసుకుంటూ పెరట్లోకి వెళ్లారు. అక్కడ ఎర్త్ గుంట, లీకైన కరెంటును నేలలోకి పంపేది. పైన ఇటుక ముక్కలు, ఎండిపోయిన మట్టి. "ఇది తడి చూసి ఎన్నాళ్లైందో! బాబూ, బకెట్ తీసుకురా" అన్నారు. ఒకటి, రెండు, మూడు బకెట్లు. మట్టి బుసబుసమని నీళ్లు తాగేస్తోంది. నాలుగో బకెట్ పోసి కాసేపు ఆగి చార్జర్ పెడితే పచ్చలైటు వెలిగింది. పాప చప్పట్లు కొట్టింది. నేల ఎండితే ఎర్త్ సరిగ్గా పనిచేయదు. గ్రైండర్ అది లేకపోయినా తిరుగుతుంది కానీ, కారు చార్జర్ ముందు ఎర్త్ సరిచూసుకున్నాకే కరెంటు తీసుకుంటుంది. అది మన ప్రాణం కోసం పెట్టిన జాగ్రత్త.

తెల్లారేదాకా పెడితే 22 యూనిట్లు ఎక్కాయి. బిల్లులో "కారు చార్జింగ్ 1,500" అని వేశారు. యూనిట్ 68 రూపాయలన్నమాట! బయట ఫాస్ట్ చార్జర్‌కు అయ్యేదానికి దాదాపు మూడు రెట్లు. నాలుగు బకెట్ల నీళ్లు మోసింది మేము.

బొర్రా గుహలు, కాఫీ మ్యూజియం, బొంగు చికెన్ అన్నీ బాగున్నాయి. రెండో రాత్రి పదకొండున్నరకు కరెంటు పోయింది. చలికి అత్తయ్యగారికి ఆయాసం ఎక్కువైంది, నెబ్యులైజర్ పెట్టాలి. "పదకొండు దాటితే జనరేటర్ వేయం" అన్నారు. అత్తయ్యగారిని కారులో కూర్చోబెట్టి, వెనక సీటు కింద ఉన్న సాకెట్‌లో నెబ్యులైజర్ పెట్టాం. పది నిమిషాల్లో ఊపిరి కుదుటపడింది. ఈ బ్యాటరీ నుంచి 3.6 కిలోవాట్ల దాకా ఇంటి కరెంటులాగే వాడుకోవచ్చు. కొనేటప్పుడు దీన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు. ఆ రాత్రి మాత్రం కారు బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడిపోయాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. గ్రౌండ్ క్లియరెన్స్ (కారు అడుగుకూ నేలకూ మధ్య ఎత్తు) 163 మి.మీ. మాత్రమే. నిండా మనుషులతో, అంత పొడవు వీల్‌బేస్‌తో అరకు చుట్టుపక్కల మట్టిదారుల్లోకి దించవద్దు. చాపరాయి జలపాతం దగ్గర పైనే ఆపి నడిచి వెళ్లాం. స్టెప్నీ లేదు. పంచర్ కిట్, గాలి పంపు లేకుండా ఊరు దాటకండి. వెనక అద్దానికి వైపర్ కూడా లేదు, వానాకాలం ఘాట్‌లో అది పెద్ద లోటే. ఇంత ధర పెట్టి కేవలం ఊళ్లో తిరగడానికైతే నేను కొనమని చెప్పను. దూరాలు తిరిగేవాళ్లయితే ఆలోచించండి. మొత్తం 1,480 కి.మీ.కి లాడ్జి దోపిడీతో కలిపి కరెంటు ఖర్చు 6,612. మా పాత డీజిల్ బండికైతే పన్నెండు వేలయ్యేది.

దిగేటప్పుడు గాలికొండ దగ్గర 41 శాతం. ఎస్.కోట వైపు మైదానంలోకి వచ్చేసరికి 43! బ్రేకు మీద కాలు పెట్టింది తక్కువ. దిగే జోరులో చాలావరకు కరెంటుగా మారి బ్యాటరీలోకే వెళ్లింది. పాప అంకె మారినప్పుడల్లా అరిచి చెప్పింది.

కొండకు వెళ్లేవాళ్లు లాడ్జివాళ్ల మాట నమ్మకండి, సాకెట్ ఫొటో పంపమనండి. ఎర్త్ ఉందో లేదో చూసే సాకెట్ టెస్టర్ ఒకటి వెంట ఉంచుకోండి.

ఖాళీ చేసే రోజు నేను బిల్లు గురించి మేనేజర్‌తో గొడవపడుతుంటే మామయ్యగారు కనిపించలేదు. వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్లాను. గది ఊడ్చే కుర్రాణ్ణి పక్కన నిలబెట్టుకుని ఎర్త్ గుంట చూపిస్తున్నారు. "వారానికి రెండుసార్లు, రెండు బకెట్లు. మర్చిపోకు నాన్నా" అన్నారు. వాడు తలూపి అప్పటికప్పుడే బకెట్ అందుకున్నాడు.