పాత ఐ10 కొనేముందు: మాగ్నా అన్నంత మాత్రాన 1.2 కాదు

సెకండ్ హ్యాండ్ హ్యుందాయ్ ఐ10 బేరంలో అందరూ ముందు అడిగేది మాగ్నా, స్పోర్ట్జ్ లాంటి వేరియంట్ పేరే. కానీ బండి బలం తేలేది బానెట్ కింద ఏ ఇంజిన్ ఉందన్న దాన్ని బట్టి.

2007లో వచ్చినప్పుడు ఒకటే ఇంజిన్: 1086 సీసీ ఐఆర్‌డీఈ (1.1 లీటర్లు), దాదాపు 67 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత). మరుసటి ఏడాది 1197 సీసీ కప్పా (1.2 లీటర్లు) చేరింది, 80 పీఎస్. డి-లైట్, ఎరాలకు 1.1, స్పోర్ట్జ్, ఆస్టాలకు ఎక్కువగా 1.2. అసలు చిక్కు మాగ్నాతో, అది రెండు ఇంజిన్లతోనూ అమ్ముడైంది. ఒకే పేరు, 13 పీఎస్ తేడా! 1.2 స్పోర్ట్జ్ వదిలి ఆస్టాకి వెళ్తే మాత్రం పవర్ రవ్వంత కూడా పెరగదు. ఎక్కువ పెట్టే డబ్బు ఫీచర్లకే.

డిక్కీ మీద కప్పా స్టిక్కర్ చూసి నమ్మకండి, దాన్ని ఎవరైనా అతికించొచ్చు. ఆర్‌సీలో సీసీ చూడండి. ఇంజిన్ నంబరు జీ4హెచ్‌జీతో మొదలైతే 1.1, జీ4ఎల్‌ఏ అయితే 1.2.

నడకలో తేడా అంకెలు చెప్పినంత సూటిగా ఉండదు. తొలి 1.1లో పూర్తి టార్క్ (ఇంజిన్ లాగే బలం), అంటే 99 ఎన్ఎం, 2800 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ చుట్లు) దగ్గరే అందుతుంది. కప్పాలో 112 ఎన్ఎం కోసం 4000 దాకా తొక్కాలి. అందుకే సిటీ ట్రాఫిక్‌లో, సెకండ్ గేర్‌లో, తొలి 1.1 ఏమాత్రం తీసిపోదు. ఏసీ వేసి ఐదుగురితో హైవే మీద లారీని దాటాలన్నా, శ్రీశైలం ఘాట్ ఎక్కాలన్నా 1.2 ఉండాల్సిందే. 2010లో మారిన 1.1కి 69 పీఎస్ వచ్చినా, టార్క్ శిఖరం 4500కి జరిగింది. కాబట్టి ఊళ్లో తిప్పడానికే అయితే 2010కి ముందుదే మేలు.

ఖర్చులో అసలు తేడా టైమింగ్ దగ్గరుంది, అంటే వాల్వులు సమయానికి తెరుచుకునేలా తిప్పే భాగం దగ్గర. 1.1కి బెల్టు, కప్పాకి చైను. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, ఇంజిన్ పైభాగమైన హెడ్ దించక తప్పదు. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే, కొన్న వారంలోనే టెన్షనర్‌తో (బెల్టును బిగుతుగా ఉంచే భాగం) సహా మార్పించండి. ఆ ఖర్చు బేరంలోనే తగ్గించుకోండి. కప్పా అయితే చల్లారిన ఇంజిన్ స్టార్ట్ చేయించి వినండి. గలగలమని చైను మోత ఆగకుండా వస్తుంటే వదిలేయండి.

1.2 అయినా లాగడం లేదంటే ముందు క్లచ్ చూడాలి. నాలుగో గేర్‌లో 40 వేగం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. మోత పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు అరిగినట్టే. క్లచ్ బాగుంటే ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, మసి పట్టిన థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వదిలే భాగం) చూడాలి. అప్పటికీ మందకొడిగానే ఉంటే, సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్: వేడి ఇంజిన్, నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి. సిలిండర్ల మధ్య 15 పీఎస్ఐ మించి తేడా వస్తే ఆ బండి వద్దు. సీఎన్‌జీ కిట్ వేసిన 1.1లో, గ్యాస్ మీద నడిచేటప్పుడు ఇంకో పదో వంతు పవర్ పోతుంది. అది ఘాట్ రోడ్డు బండి కాదు.