అమ్మకానికి ముందు ఫ్లాటు శుభ్రం, రంగుల పని: మేము చేయించుకున్న సేవపై సమీక్ష

కూకట్‌పల్లిలో మా అమ్మానాన్నలు పద్దెనిమిదేళ్లు కాపురమున్న రెండు పడకగదుల ఫ్లాటును అమ్మదలచినప్పుడు, కొనేవారికి చూపించే ముందు ఇంటిని శుభ్రం చేసి, రంగులు వేసి ఇచ్చే పనిని దగ్గరలోని ఒక చిన్న సంస్థకు అప్పగించాము. శుభ్రానికి 7,500 రూపాయలు, గోడల పనికి 32,000 రూపాయలు అయ్యాయి. మొదటి పని చాలా బాగుంది. రెండో పని దగ్గర మా నాన్నగారు నిలబడి చూసుకోకపోతే పెద్ద పొరపాటే జరిగేది.

ఏళ్ల తరబడి బోరు నీళ్లు వాడిన ఇల్లు కావడంతో కుళాయిల మీద, బాత్‌రూమ్ టైల్స్ మీద ఉప్పు తెల్లగా గట్టిపడిపోయింది. ఇలాంటి చోట చాలామంది యాసిడ్ పోసి రుద్దేస్తారు. మరక పోతుంది గానీ, కుళాయిల మెరుపు పూత దెబ్బతింటుంది, టైల్స్ సందుల్లోని సిమెంటును కూడా యాసిడ్ తినేస్తుంది. వీరు నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో తడిపిన గుడ్డలను కుళాయిలకు చుట్టి, అరగంట నాననిచ్చి, మెత్తని బ్రష్‌తో ఓపికగా తోమారు. దేవుడి గదిలోని పాలరాతికి మాత్రం పులుపు తగిలితే నునుపు పోతుందని వారే చెప్పి, దీపాల మసిని సబ్బు నీళ్లతోనే తీశారు. ఆ తెలివిడి నాకు ఎంతో నచ్చింది. వంటగది చిమ్నీ జిడ్డు, కిటికీ జాలీల దుమ్ము కూడా పూర్తిగా వదిలాయి.

ఇక గోడల సంగతి. పడకగదిలో బాత్‌రూమ్‌ను ఆనుకుని ఉన్న గోడ అడుగున మూరెడు ఎత్తు వరకు చెమ్మ ఎక్కి, రంగు పొక్కులు లేచింది. పెయింటింగ్ మేస్త్రి దానిని పైపైన గీకి, పుట్టీ పెట్టి మర్నాటికల్లా రంగు వేసేస్తానన్నాడు. "నెల దాకా ఏమీ బయటపడదండీ, ఈలోపు అమ్ముడైపోతుంది" అన్న అతని మాట నన్ను నిజంగా బాధపెట్టింది. ఇరవై ఏళ్ల వాయిదాల అప్పు నెత్తిన పెట్టుకుని ఇల్లు కొనే కుటుంబానికి తెలిసి తెలిసి తడి గోడను అంటగట్టడం అన్యాయం. చట్టం కూడా దీనిని ఒప్పుకోదు: 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవారికి తెలిసి ఉంటే దానిని కొనేవారికి చెప్పి తీరాలి.

నాన్నగారు పని ఆపించి, సంస్థ యజమానిని పిలిపించారు. ఆయన వచ్చి చూసి, వాదించకుండా ఒప్పుకున్నారు. బాత్‌రూమ్ నేల టైల్స్ సందుల్లో సిమెంటు ఊడిపోయి నీరు గోడలోకి దిగుతోందని తేలింది. సందులను ఎపాక్సీతో (నీరు దిగనివ్వకుండా గట్టిపడే జిగురు ముద్ద) నింపించి, ఆ బాత్‌రూమ్ వాడకం ఆపి, గోడను పెచ్చులు రాలగొట్టి మూడు వారాలు ఆరనిచ్చాకే పుట్టీ, ప్రైమర్, రంగు వేయించాము. ఇందుకు మరో 6,000 రూపాయలు అయ్యాయి. చూడవచ్చిన వారందరికీ ఆ గోడను, మరమ్మతు బిల్లును మేమే చూపించాము.

రంగుల పని వీరికి ఇచ్చేవారు గోడ పూర్తిగా ఆరిందని స్వయంగా చూసుకున్నాకే పుట్టీ పెట్టనివ్వండి, వానాకాలంలో అయితే మరీనూ. శుభ్రం పనికి మాత్రం వచ్చే నెల మా అత్తగారింటికి కూడా వీరినే పిలుస్తున్నాను.