పాత తెలుగు పుస్తకాలకు వికీసోర్స్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఉచితంగా దొరికే పాత తెలుగు పుస్తకాల కోసం నేను వెళ్లేది రెండు రకాల చోట్లకి: స్కాన్‌లు పెట్టే సైట్లు, తెలుగు వికీసోర్స్ (వికీపీడియాలాగే స్వచ్ఛందంగా నడిచే ఉచిత గ్రంథాలయం).

స్కాన్‌లకు కొదవ లేదు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్‌సీ) ఆధ్వర్యంలో నడిచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుణ్యమా అని వేల తెలుగు పుస్తకాలు చెదల పాలు కాకుండా బతికాయి. వాటిలో చాలావాటి ప్రతులు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత సైటులో ఉన్నాయి. తిప్పలన్నీ వెతకడంలోనే. నేను వాడే ఒక స్కాన్ సైటులో (పేరెందుకులెండి) పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. వీరేశలింగం గారి పుస్తకం కావాలంటే ‘శ’కి ఎస్ ఒక్కటే పెట్టారో, పక్కన హెచ్ కూడా తగిలించారో ఊహించుకోవాలి. తీరా దొరికాక ఫోన్‌లో తెరిస్తే, ఒక్కో లైనుకీ పేజీని అటూ ఇటూ లాగాలి. పరిశోధకుడు ఓర్చుకుంటాడు, ఆయనకు ఫలానా ముద్రణలో ఫలానా పేజీ చాలు. మా అమ్మ రెండో పేజీకే ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

అదే వీరేశలింగం గారి ‘స్వీయ చరిత్రము’ వికీసోర్స్‌లో తెలుగులో టైపు చేస్తే దొరుకుతుంది. అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, ఈపబ్‌గా, అంటే ఫోన్‌లో చదువుకునే ఈ-పుస్తకంగా దించుకోవచ్చు. నాకు బాగా నచ్చింది మాత్రం దాని వెనకున్న దిద్దుబాటు పేజీ: ఒక పక్క కంప్యూటర్ స్కాన్‌ని చదివి అక్షరాలుగా మార్చిన పాఠం, ఇంకో పక్క అసలు స్కాన్. యంత్రం పాత అచ్చులోని అరసున్నల్ని మింగేస్తుంది, వత్తుల్ని తారుమారు చేస్తుంది. వాటిని మనుషులే కూర్చుని సరిచేస్తారు. ఒకరు చూస్తే పేజీకి పసుపు రంగు, రెండో మనిషి కూడా సరిచూస్తే ఆకుపచ్చ. ఏ పేజీని ఎంతవరకు నమ్మవచ్చో పరిశోధకుడికి కూడా ఇట్టే తెలిసిపోతుంది.

అందుకే ఉచిత గ్రంథాలయంలో మొదటి పీట మామూలు పాఠకుడికే వేయాలంటాను. పండితుడు ఎలాగైనా తవ్వుకుంటాడు. పైగా ఈ దిద్దే పనికి జీతం లేదు. పుస్తకం చదివి ఇష్టపడ్డవాళ్లలోంచే దిద్దేవాళ్లు రావాలి. స్కాన్‌ని తీసేయమని మాత్రం అనను. అది పక్కన లేకపోతే దిద్దడానికి ఆధారమేముంది?

లోటు ఒక్కటే, పుస్తకాలు తక్కువ. మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి, ఆ తర్వాతైనా దిద్దేవాళ్లు దొరకాలి. ఐదుకి నాలుగు మార్కులు.