క్లాస్‌డోజో యాప్: మైనస్ పాయింట్లు తీసేశాకే క్లాసులోకి తేవాలి

టీచరు బయటికెళ్తే మాట్లాడినవాళ్ళ పేర్లు క్లాస్ లీడరు బోర్డు మీద రాసిపెట్టడం మన బడుల్లో పాత అలవాటు. క్లాస్‌డోజో యాప్‌లో మైనస్ పాయింట్లిచ్చే ‘నీడ్స్ వర్క్’ అనే భాగం చేసేదీ ఆ పనే, కాకపోతే రంగుల బొమ్మలతో. 2011లో అమెరికాలో మొదలైన ఈ యాప్ టీచర్లకు ఉచితం. ఒక్కో పిల్లవాడికి ఒక్కో బుల్లి రాక్షసుడి బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కి మంచి పనికి ప్లస్, అల్లరికి మైనస్ ఇవ్వొచ్చు.

చిక్కంతా మైనస్‌తోనే. క్లాసంతా చూస్తుండగా తెర మీద పాయింటు పోయిన పిల్లవాడు ముడుచుకుపోతాడు, లేదా ఎలాగూ పోయింది కదా అని ఇంకాస్త రెచ్చిపోతాడు. ఏం చేస్తే బాగుండేదో మాత్రం వాడికి తెలియదు. పైగా తల్లిదండ్రులు యాప్‌లో చేరితే ఆ లెక్క ఇంటికీ చేరుతుంది. బడిలో పోయిన పాయింటుకి ఇంట్లో వీపు మోగుతుంది! 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధించిందన్నది ఇక్కడ గుర్తుండాలి.

అందుకే క్లాసు పేర్లు ఎక్కించగానే స్కిల్స్ (పాయింట్లిచ్చే పనుల జాబితా) ఎడిట్ చేసే చోటికి వెళ్ళి నీడ్స్ వర్క్ కింద ఉన్నవన్నీ తొలగించండి. ప్లస్ వైపు నాలుగు చాలు. ‘బుద్ధిగా ఉన్నాడు’ అని రాస్తే ఏడేళ్ళవాడికి ఏం అర్థమవుతుంది? ‘చెయ్యెత్తి ఆగాడు’, ‘పక్కవాళ్ళకి పెన్సిలిచ్చాడు’ అని కంటికి కనిపించే పని రాయండి. అన్నిటికీ ఒక్కటే పాయింటు పెట్టండి. విలువ పెంచుకునే వీలుంది గానీ, పెంచితే పిల్లలు బేరాలాడతారు. విడి పాయింట్లు మీ ఫోన్‌లోనే ఉంచి, పెద్ద తెర మీద క్లాసు మొత్తానికి కలిపి ఇచ్చినవే చూపించండి. యాభై అయితే పది నిమిషాలు అంత్యాక్షరి. చాక్లెట్ల జోలికి పోకండి, మర్నాటి నుంచి ‘ఇది చేస్తే ఏమిస్తారు’ అని అడుగుతారు.

పాయింట్ల కన్నా యాప్‌లో టైమర్ లాంటివి ఉండే టూల్‌కిట్ మేలు. పుస్తకాలు సర్దడానికి టైమర్‌లో మూడు నిమిషాలు పెడితే ‘త్వరగా, త్వరగా’ అని అరవక్కర్లేదు. చీటీ తీసినట్టు ఎవరో ఒకరి పేరు చూపే రాండమ్‌తో పేరు తీసేటప్పుడు ‘పాస్’ అనే హక్కు ముందే ఇవ్వండి, బెరుకు పిల్లలు వణికిపోకుండా ఉంటారు. క్లాసులో చప్పుడు కొలిచే నాయిస్ మీటర్ మాత్రం ఫోన్ మైకు మీద ఆధారపడుతుంది. ఫ్యాను కింద పెట్టినా, రేకుల కప్పు మీద వాన పడినా మీటర్ పైకి లేస్తుంది, చేయని అల్లరికి పిల్లలు దోషులవుతారు. ఎవరి పని వాళ్ళు చేసుకునేటప్పుడే, అదీ ఐదు నిమిషాలకు మించకుండా వాడాలి.

తల్లిదండ్రులతో సందేశాలకు మీ ఫోన్ నంబరు ఇవ్వక్కర్లేదు, అది నిజంగా మెచ్చుకోదగ్గది. అయితే స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్ళు క్లాసులో సగం ఉంటే ఆ లాభమూ సగమే.

ఒకటి, రెండు తరగతులకు యాప్ లేకున్నా నడుస్తుంది. వారంలో నిండేంత చిన్న గాజు సీసా, గుప్పెడు గోళీలు చాలు. క్లాసంతా కలిసి బాగా చేసిన ప్రతిసారీ ఒక గోళీ వేయండి, ‘టింగ్’మన్న చప్పుడు అందరికీ వినిపిస్తుంది. వేసిన గోళీని మాత్రం ఎంత కోపం వచ్చినా బయటికి తీయకండి.